అమావాస్య నాటి రద్దీ

"అమావాస్య పూట పెట్టుకుంటివే పాపా, సారు అడగతా ఉండంగా మాట మధ్యలో తెగిపోతే ఏం సేస్తావు? బొమ్మ నిలిచిపోయి, నువ్వు నోరు తెరుసుకోని ఉండేది ఒకటే ఆయనకు కనపడతా ఉంటే?"

ఈ మాట నేను మా భువనతో అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. అది వంటింటి గడప మీద కూర్చుని పచ్చి మామిడి ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని తింటోంది.

"మాట తెగకుండా సూసేదే గదమ్మా నా సదువు," అంది.

"డాక్టర్లకు జొరాలు రావా?"

అది ఇంకో ముక్క నోట్లో వేసుకుంది.

మాది నగరి. మా వీధిలో ప్రతి ఇంటి వెనకా ఒక షెడ్డు, ఆ షెడ్డులో మరమగ్గాలు. తెల్లవారి కరెంటు స్విచ్చి నొక్కితే పొద్దుపోయేదాకా అవి ఆడుతూనే ఉంటాయి. కొత్తగా మా వీధికి వచ్చినవాళ్ళు రెండు చెవులూ మూసుకుంటారు. మేము మాత్రం చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తాం. ఆ చప్పుడులోనే చదువుకుని మా భువనేశ్వరి తిరుపతిలో ఎమ్.టెక్. దాకా పోయింది. నాది ఏడో తరగతి. అయినా బిడ్డ ఏం చదువుతోందో తల్లికి తెలియకపోతే ఎట్లా? రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అందుకని అడిగాను.

మా వీధికి నెట్టు ఇచ్చేది మునిప్రసాద్. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపేవాడు, ఇప్పుడు తన మిద్దె మీద పొడవాటి ఇనుప కంబం నాటి, దాని కింద ఒక పెట్టె పెట్టుకున్నాడు. వైరు లేకుండా గాలిలోనుంచే వీధిలోని ఇళ్ళన్నిటికీ నెట్టు అందులోంచే. మా అందరి మాటలూ, పాటలూ, బొమ్మలూ ముక్కలు ముక్కలై ఆ పెట్టె దగ్గరికి వచ్చి, వరుసలో నిలబడి, ఒకదాని వెనక ఒకటి పోవాలట. అట్లా నిలబడేదానికి లోపల ఒక వసారా ఉంటుందట. దాని పేరు బఫరు.

"జనం ఎక్కువైతే వసారా పెద్దది కట్టుకుంటే సరిపోలా?" అన్నాను.

"అందరూ అట్టనే అనుకోని కట్టినారమ్మా. ఆడే వచ్చింది తంటా. వసారా పెద్దదైతే ఎంతమంది వచ్చినా లోపలికి రానిస్తా ఉంటారు. లోపల కిక్కిరిసిపోయిందని బయటోళ్ళకు తెల్దు, ఇంకా తోసుకోని వస్తానే ఉంటారు. 'ఏం మా, అన్నం తిన్న్యావా' అని నువ్వు మధ్యాన్నం అడిగితే, ఆ మాట అవతలోళ్ళకు చేరేతలికి వాళ్ళు రాత్రికి చపాతీలు కాలుస్తా ఉంటారు."

"మరి నువ్వేం సేస్తావు?"

"వసారా నిండేదానికి ముందే కొన్నిటిని పారేస్తాను. పంపినోడికి అది తెలిసొచ్చి కొంచెం నిదానిస్తాడు. మాట్లాడుకునే ఫోన్లకు పక్కన సన్నగా వేరే దోవ ఇస్తాను."

"పారేస్తావా? ఎవరివి పారేస్తావే? యాడో బిడ్డ ఏడస్తా చెప్పిన మాట పారేస్తే వాళ్ళమ్మకు ఎట్టా తెలస్తాది?"

"పారేసింది మళ్ళా పంపిస్తారు లేమ్మా."

"పంపకపోతే?"

"నేను ఫోను ఎత్తకపోతే నువ్వు ఊరుకుంటావా?"

"ఎందుకు ఊరుకుంటాను?"

"అవీ అంతే. కాకపోతే అవి కొంచేపు ఆగి పంపిస్తాయి. నువ్వు ఆగవు."

షెడ్డు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న మా ఆయన గోవిందయ్య, "మునిప్రసాదు పెట్టెలో ఉండే రద్దీలో సగం మీ అమ్మదేనమ్మా. మొదట ఆమెను పారెయ్యి," అన్నాడు. తండ్రీ కూతురూ నవ్వుకున్నారు. నవ్వేవాళ్ళకు ఏం, భయపడేందుకు నేనున్నాను కదా.

అసలు భయం వేరే ఉంది. భువన చదువు ముగియాలంటే బయటినుంచి పరీక్ష చేసే శేషసాయి సారు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆయన సొంతూరు తిరుపతే, ఉద్యోగం మెడ్రాసులో. కాలేజీలో మిషన్లతోనే ఉత్తుత్తి రద్దీ పుట్టించి అంతా చూపించింది. ఆయన ఒప్పుకోలేదు. "ల్యాబులో అందరిదీ పనిచేస్తుంది. మనుషులు నిజంగా వాడే చోట పెట్టి చూపించు," అన్నారట. అందుకని భువన మునిప్రసాద్‌ను బతిమాలి, అతని పెట్టెలో తన పద్ధతి ఎక్కించింది. అమావాస్య మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని, కంప్యూటరులో ఆయనకు చూపించాలి. ఆ రోజు ఆయన కాదంటే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. మెడ్రాసులో దీనికి ఉద్యోగం ఇస్తామన్న కంపెనీవాళ్ళు ఆరు నెలలు ఆగరు.

"వేరే దినమే దొరకలేదా?" అన్నాను.

"ఆ దినం మగ్గాలు ఆడవు గదమ్మా, అందుకే," అంది. "సారు ఉండేది మెడ్రాసు. అరవోళ్ళకు అమావాస్య మంచి దినమే, ఏం భయపడబాక."

మా వీధిలో అమావాస్య నాడు మగ్గం ఆడించరు. మగ్గాన్ని తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, ఆ దినం దానికి విశ్రాంతి ఇస్తారు. సరే, చప్పుడు ఉండదు కాబట్టి నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు, అందుకే ఆ దినం ఎంచుకుంది అనుకున్నాను. బిడ్డ తెలివిని మనసులోనే మెచ్చుకున్నాను కూడా.

ముందురోజు మునిప్రసాద్ ఇంటి ముందర కనపడ్డాడు.

"రేపు మా పాపది పరీచ్చ. నీ పెట్టె బాగా పనిచేస్తాది కదప్పా?" అని అడిగాను.

"అమావాస్య కదక్కా," అన్నాడు తల గోక్కుంటూ. "మామూలు దినాల్లో మీ వీధోళ్ళు పనిలో ఉంటారు, ఫోను ముట్టరు. అమావాస్య వచ్చిందంటే సాలు, చాపేసుకోని పడుకోని ఒకటే సినిమాలు. పోయిన అమావాస్యకు నా పెట్టె మీద దోసె పోసుకోని ఉండచ్చు."

అంతే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బిడ్డకు ఈ సంగతి తెలుసో తెలియదో. చెబితే బెదిరిపోతుంది. చెప్పకపోతే మాట తెగిపోతుంది. రద్దీ వల్లే కష్టమంతా అని అదే కదా చెప్పింది? రద్దీయే లేకుండా చేస్తే పోలా?

తెల్లవారి కల్లాపి చల్లి ఇంటింటికీ బయలుదేరాను. ఫోను ఆపండయ్యా అంటే ఎవరు ఆపుతారు? మనిషికి ఎక్కడ భయమో అక్కడ తట్టాలి. భయాల సంగతి నాకు బాగా తెలుసు, అన్నీ ఒకసారి నేను పడ్డవే. కొత్తగా పెళ్ళయిన ఇంట్లో, అమావాస్య పూట ఫోటోలు తీసుకుంటే దిష్టి అన్నాను. షుగరున్న ముసలాయనకు, ఇవ్వాళ ఆ కంబంలోంచి వచ్చే గాలి కళ్ళకు మంచిది కాదని చెప్పాను. పిల్లలున్న చోట, మునిప్రసాద్ పెట్టె బాగుచేస్తున్నాడు, వాడుతున్న ఫోన్లు కాలిపోతాయట అన్నాను. పిల్లల తల్లులు ఆ మాట విని నాకు కాఫీ ఇచ్చారు.

ఎదురింటి ధనుంజయ మా నేతగాళ్ళ సంఘానికి పెద్ద. ఆయన దగ్గర భయాలు పనిచేయవు, పెద్దరికం పనిచేస్తుంది. "నీ మాటంటే వీధంతా ఇంటారు కదన్నా. నువ్వు మొదట ఫోను ఆపితే అందరూ ఆపుతారు," అన్నాను. ఆయన అక్కడికక్కడే ఆపి, ఆపిన ఫోనును నాకు చూపించాడు.

వీధి చివరి ఇల్లు ఎస్తేరుది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఆమెకు అమావాస్య పట్టింపు లేదు, అందుకని నిజమే చెప్పాను.

"మా ఇంటికి నెట్టు సరిగ్గా వచ్చేదే లేదు, ఇంక నేను ఆపేదేముండాది ప్రసూనా," అంది. "ఏలూరులో ఉండే మా పాప మొకం కనపడేదానికే ఒక పూట పడతాది. ఆపేస్తాలే పో, పాప కోసరం ప్రార్థన కూడా సేస్తాను."

ఎస్తేరు ఇల్లు కంబానికి దూరం కాబట్టి ఆమె మాట మెల్లగా పోతుందట, అది పోయేదాకా మిగతావాళ్ళు ఆగాలట, ఆమెకు కూడా విసుగు పుట్టి మానేస్తుందట. భువన ఎప్పుడో చెప్పింది. ఎవరు ఎంత పంపారని కాకుండా, ఒక్కో ఇంటికి ఇంత సేపని సమంగా పంచాలని దాని పద్ధతి. అది గుర్తొచ్చి, ఆమెను కూడా ఆపించినందుకు కొంచెం బాధేసింది. అయినా ఒక్క పూటే కదా.

మధ్యాహ్నం అన్నాలయ్యాక భువన తలుపులు వేసుకుని ముందుగదిలో కూర్చుంది. కొత్త చుడీదారు వేసుకుంది. నేను వంటింటి తెర వెనక పీట వేసుకున్నాను. వీధిలో మగ్గాల చప్పుడు లేదు, టీవీలూ లేవు. కాకి అరిస్తే వినపడుతోంది. ఇంత బాగా నేను ఏ పనీ చేయలేదనుకున్నాను.

కంప్యూటరులో సారు కనిపించారు. నుదుట సన్నటి తిరుచూర్ణం గీత, కళ్ళద్దాలు, వెనక తిరుగుతున్న ఫ్యాను. ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. అమ్మాయి ఏవో గీతలు చూపించింది. ఆ గీతలు నేల మీద పాము నిద్రపోయినట్టు చదునుగా ఉన్నాయి. మాట ఒక్కసారి కూడా తెగలేదు. వెంకన్నకు దండం పెట్టుకున్నాను.

అప్పుడు సారు కళ్ళద్దాలు తీసి తెలుగులోకి దిగారు.

"భువనా, వరుసే లేదు కదమ్మా. ఖాళీ రోడ్డు మీద పోలీసు నిలబడి చేతులు ఊపితే నేను ఏం చూసి సంతకం పెట్టాలి?"

"ఈపొద్దు అమావాస్య సార్. మామూలుగా ఈ టయానికి బాగా నిండిపోతాది. అందుకే ఈ దినం పెట్టుకున్నాను. ఏమైందో..."

"నాకు తర్వాత ఇంకొక అబ్బాయి ఉన్నాడు. కాఫీ తాగి వస్తాను. అంతలోగా మీ వీధి నిద్రలేస్తే చూస్తాను. లేకపోతే వచ్చే టర్ములో కలుద్దాం."

ఆయన లేచి వెళ్ళారు. ఖాళీ కుర్చీ, ఫ్యాను మిగిలాయి. భువన తెర తీసుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, వీధిలో ఎవరూ లేరా?"

"అందరూ ఉండారు."

"మరి ఒక్క ఫోనూ ఆన్‌లో లేదే."

నేను చెంబులో నీళ్ళు ముంచి దానికి ఇచ్చాను. అది చెంబు అందుకోలేదు.

"అమ్మా."

"మాట తెగకూడదని నేనే ఆపమని చెప్పొచ్చినాను," అన్నాను.

"జనం ఉంటేనే గదమ్మా నేను సూపించేది," అంది. అరవలేదు, తిట్టలేదు. మెల్లగా పోయి ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుంది. అది అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. నా ఫోను తీసి పక్కింటికి చేశాను, స్విచ్చాఫ్. ఇంకొకరికి, స్విచ్చాఫ్. ధనుంజయకు, స్విచ్చాఫ్. నా జన్మలో మొదటిసారి నేను చెప్పిన మాట వీధంతా విన్నది, అది కూడా ఈ దినమే. పక్కింటి తలుపు బాదాను. లోపల గురక వినిపిస్తోంది. టీవీ లేదు, ఫోను లేదు, ఏం చేస్తారు, నిద్రపోయారు. ఒక్కొక్క తలుపూ బాది, ఒక్కొక్కరికీ చెప్పి లేపేసరికి సారు ఒక కాఫీ కాదు, కాఫీ తోట తాగేసి వస్తారు.

వీధి మధ్యలో నిలబడ్డాను. ఈ జనాన్ని అందరినీ ఒకేసారి బయటకు తెచ్చేది ఏముంది? నిప్పంటుకుందని అరిస్తే ఎవరికైనా గుండె ఆగిపోతే? దొంగ దొంగ అంటే కర్రలు తెస్తారు, ఫోన్లు తేరు.

అప్పుడు తోచింది. నేరుగా షెడ్డులోకి పోయాను.

మా ఆయన మగ్గానికి గంధం పెట్టి, పక్కన చాప మీద కూర్చుని తెగిన నూలుపోగులు చూసుకుంటున్నాడు.

"మగ్గం ఆడించయ్యా," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని కూడా చూశాడు. "ఏందిమే?"

"అమావాస్య పూట మగ్గం ఇనపడితే వీధంతా కొట్టేదానికొస్తాది. రానీ. నాకు వాళ్ళు రావల్ల."

"మా నాయన పోయి పదమూడు దినాలు మగ్గం ఆపి, పద్నాలుగో దినం ఆడిద్దామంటే అమావాస్య వచ్చింది. ఆ దినం కూడా మేము ఆడించలేదు."

"పాప సదువు ఈడ పోతా ఉండాది. నువ్వు కండ్లు మూసుకో, నేనే నొక్కతాను. దేవుడడిగితే నా పేరు చెప్పు."

ఆయన నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. నేను నిమ్మకాయ ముక్కలు పక్కకు తీసి, లెంపలేసుకుని, స్విచ్చి నొక్కాను.

డబ్, డబ్, డబ్.

మామూలు దినం ఆ చప్పుడును ఎవరూ వినరు. ఆ దినం అది ఏనుగు వీధిలోకి వచ్చినట్టు వినపడింది. నేను వాకిట్లోకి వచ్చేలోపే తలుపులు టపటపా తెరుచుకున్నాయి. లుంగీలు కట్టుకుంటూ మగవాళ్ళు, జుట్టు ముడేసుకుంటూ ఆడవాళ్ళు.

"ఎవురిదిరా అది?"

"గోవిందయ్యోళ్ళదే. ఆయన బాగుండాడా? తలకేమన్నా అయిందా?"

"ఆమెకే అయ్యుంటాది. పొద్దున వచ్చి కంబంలోంచి గాలొస్తాదని చెప్పిపాయె."

నేను నోరు తెరిచి ఫోన్లు ఆన్ చేయండని చెప్పబోయాను. చెప్పే అవసరమే రాలేదు. మొదట ధనుంజయ ఆన్ చేశాడు, సాక్ష్యం కావాలి కదా. "సంఘం గ్రూపులో పెడతాను. పెద్దోళ్ళే ఇట్టా సేస్తే ఎట్టా?" అంటూ మా షెడ్డును వీడియో తీశాడు. ఆయన్ను చూసి ఆయన భార్య తీసింది. కొత్త పెళ్ళికూతురు దిష్టి సంగతి మరిచిపోయి, ఏకాంబరకుప్పంలోని పుట్టింటికి వీడియో కాలే చేసింది. "చూడమ్మా, ఈడ మగ్గం ఆడతా ఉండాది." కళ్ళకు మంచిది కాదని నేను చెప్పొచ్చిన ముసలాయన ఫోనును ముక్కుకు ఆనించుకుని తీస్తున్నాడు. చూసేవాళ్ళు ఒకరూ లేరు, అందరూ పంపేవాళ్ళే. ఎవరి వీడియో ముందు చేరుతుందా అని తొందర.

"అక్కా, ఆపుతావా లేదా?" అన్నాడు ధనుంజయ.

"ఆపుతాన్నా. నువ్వు ఇంకొక తూరి తీసుకో. ఈ పక్కనుంచి సరిగ్గా పడలేదేమో," అన్నాను.

ఎస్తేరు వీధి చివర తన గుమ్మంలోనే నిలబడి ఏలూరులోని కూతురితో మాట్లాడుతోంది. "నీ మొకం బాగా కనపడతా ఉండాది పాపా, ఇంత బాగా ఎప్పుడూ కనపళ్ళేదు," అంటోంది. ఆమె గొంతు నాకు ఇక్కడిదాకా వినిపించింది.

నేను వెనక గుమ్మం గుండా ఇంట్లోకి దూరి మళ్ళీ తెర వెనక కూర్చున్నాను. సారు వచ్చేసి ఉన్నారు. నిద్రపోయిన పాము లేచి గోడలా నిటారుగా నిలబడింది. చూస్తుండగానే ఆ గోడ కొంచెం తగ్గి, సమంగా, అరుగులా నిలబడిపోయింది. అమ్మాయి గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెబుతోంది. సారు కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నారు.

"ఏమిటమ్మా ఆ చప్పుడు?" అని తెలుగులో అడిగారు.

"మరమగ్గం సార్. మాదే."

"ఒక్క దెబ్బ కూడా తప్పకుండా సమంగా వినిపిస్తోంది. అటు చూస్తే వీధి మొత్తం వీడియోలు పంపుతోంది." ఆయన ఏదో రాసుకున్నారు. "చివర ఆ బలహీనమైన ఇల్లు ఎవరిదో, వాళ్ళ వంతు కూడా వాళ్ళకు అందుతోంది. పద్ధతి బాగుంది. అందులో సందేహం లేదు."

వెంకన్నకు దండం పెట్టబోయి ఆగాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు.

"కానీ ఒక మాట. నేను కాఫీకి లేచేటప్పటికి వీధి మొత్తం ఖాళీ. వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా ఊడిపడ్డారు. మనుషులు ఇట్లా రారు. నువ్వే ఎవరికో చెప్పి ఏర్పాటు చేసిన రద్దీ అయితే, అది ల్యాబు లాంటిదే. నేను ఒప్పుకోను. నిజం చెప్పు, ఎవరు చేయించారు?"

భువన వెనక్కి తిరిగి చూడలేదు కానీ దాని వీపు నాకు అర్థమైంది. లేదంటే అబద్ధం. అవునంటే చదువు పోతుంది. తెర చాటునుంచి లేచి నేనే పోయి చెబుదామని తెర అంచు పట్టుకున్నాను.

"మా అమ్మ సార్," అంది భువన. "నేను చెప్పలేదు. మాట తెగతాదేమోనని భయపడి, పొద్దున్నే ఇంటింటికీ పోయి ఫోన్లు ఆపించింది. మీరు వరుస లేదన్నాక మగ్గం ఆడించింది. అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడించకూడదు సార్. అందుకని అందరూ బయటికొచ్చి వీడియోలు తీసి సుట్టాలకు పంపిస్తా ఉండారు. ఎవరూ నా కోసం పంపట్లేదు. మమ్మల్ని తిట్టేదానికే పంపిస్తా ఉండారు."

బొమ్మలో సారు కదలడం లేదు. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని అట్లాగే ఉన్నారు. నేను భయపడినట్టే నిలిచిపోయింది అనుకున్నాను. కానీ ఆయన వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది. నిలిచిపోలేదు, ఆయనే మాట్లాడటం లేదు. అది ఇంకా భయం. వీధిలో ధనుంజయ మా ఆయన పేరు పెట్టి పిలుస్తున్నాడు. షెడ్డులో మగ్గం ఆడుతూనే ఉంది. భువన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను, మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్నాను, తల నీలాలు ఇస్తానని మొదలుపెట్టాను.

అప్పుడు సారు పెన్ను మూత తీశారు. తల వంచి ఏదో గీశారు. తల ఎత్తకుండానే అన్నారు:

"సంతకం పెట్టానమ్మా. ఇంక వెళ్ళి ఆ మగ్గం ఆపమని చెప్పు, మీ నాన్నగారిని ఎవరో కొట్టేటట్టున్నారు."